జైలు గేటు బయట ఎవరుండాలి?

హోంమంత్రి గారికి పిడుగురాళ్ల నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోంమంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,



నేను పిడుగురాళ్లలో ఉంటూ గురజాల కోర్టుకు తిరిగే న్యాయవాదిని. ఉచిత న్యాయ సహాయం కింద వచ్చే క్రిమినల్ కేసులు చూస్తుంటాను. తీర్పు వచ్చాక మేం ఫైలు కట్టేస్తాం. కక్షిదారు బతుకు మాత్రం అక్కడితో ఆగదు. శిక్ష పడితే జైలుకెళ్తాడు, ఏదో ఒక రోజు ఊరికి తిరిగొస్తాడు. ఆ తిరిగొచ్చే రోజు గురించే ఈ ఉత్తరం. పోలీసు, జైళ్లు రెండూ మీ శాఖ కిందివే కాబట్టి మీకు రాస్తున్నాను. పత్రికాముఖంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను అడిగేది మా పల్నాటిలో పీజీలు చేసి పని కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు కూడా సంబంధించింది. వాళ్లూ చదవాలి.

నా విన్నపం ఇది. శిక్ష పూర్తిచేసుకుని వచ్చినవారికి, సత్ప్రవర్తన మీద ముందుగా విడుదలైనవారికి, బెయిలు మీద ఇంటికి చేరినవారికి మొదటి కొన్ని నెలలు అండగా నిలబడి, కాగితాలు సరిచేయించి, పని చూపించి, ఊరితో మళ్లీ మాట కలిపించే ఉద్యోగులను పల్నాడు జిల్లాలో నియమించండి. వాళ్లకు నెలనెలా జీతం ఇవ్వండి. వాళ్లను మండలాల్లో కూర్చోబెట్టండి.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. 1958లోనే పార్లమెంటు నేరస్థుల ప్రొబేషన్ చట్టం చేసింది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలను మినహాయిస్తే, తప్పు చేసిన మనిషి స్వభావం, పరిస్థితులు చూసి, జైలుకు పంపకుండా సత్ప్రవర్తన బాండు మీద ఇంటికి పంపే అధికారం 4వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండని కుర్రాడికి జైలుశిక్ష వేయాలంటే ఎందుకు వేస్తున్నదీ మేజిస్ట్రేటు కారణాలు రాయాలని 6వ సెక్షన్ చెబుతుంది. ఇలా విడిచిపెట్టిన మనిషికి ఆ నేర నిర్ధారణ వల్ల ఏ అనర్హతా అంటకూడదని 12వ సెక్షన్. ఇక 14వ సెక్షన్‌లో ప్రొబేషన్ అధికారి విధులున్నాయి. నిందితుడి ఇల్లూ వాకిలీ విచారించి కోర్టుకు నివేదిక ఇవ్వాలి, విడుదలైన మనిషిని కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే అతనికి తగిన ఉద్యోగం చూపించడానికి ప్రయత్నించాలి. దేశంలోని ఒక ప్రభుత్వాధికారి ఒక ముద్దాయికి పని వెతికిపెట్టాలని ఇంత సూటిగా చెప్పిన చట్టం నా అల్మారాలో ఇంకొకటి లేదు. అరవై ఏళ్లు దాటినా ఆ వాక్యం పుస్తకంలోనే ఉండిపోయింది.

పిడుగురాళ్ల సెంటర్లో పదిమందిని ఆపి అడగండి. ఎస్సై ఎవరో చెబుతారు, తహశీల్దారు ఎవరో చెబుతారు, వ్యవసాయాధికారి ఫోను నంబరు కూడా ఇస్తారు. ప్రొబేషన్ అధికారి ఎవరంటే ఆ మాటే వినలేదంటారు. పిల్లల విషయంలో కొంత నయం. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరు అనే పోస్టు ఉంది, కాంట్రాక్టు మీదైనా సరే. పద్దెనిమిది దాటిన మనిషి విషయానికొస్తే జిల్లా స్థాయి దాటి కిందికి ఎవరూ లేరు. ఇంటి పరిస్థితి విచారించి రాసుకొచ్చే మనిషి లేనప్పుడు ఏ మేజిస్ట్రేటైనా ఏం చూసి 4వ సెక్షన్ వాడతారు? కాగితం లేకపోతే జైలే సులువైన దారి అవుతుంది.

జైలుకెళ్లొచ్చినవాళ్లంటే జనానికి హంతకులే గుర్తొస్తారు. లెక్కలు వేరే చెబుతున్నాయి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై ఐదు మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. మా వైపు ఇలాంటివాళ్లు నరసరావుపేట సబ్‌జైల్లోనో గుంటూరు జిల్లా జైల్లోనో నెలలు గడిపి వస్తారు. సున్నపు బట్టీలో పనిచేసేవాడు మూడు నెలలు రిమాండులో ఉంటే బట్టీ దగ్గర అతని చోటు పోతుంది, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం అప్పుగా మిగులుతుంది. బెయిలు వచ్చినా జామీను నిలబడేవాళ్లు ఉండరు. పొలం పాసుపుస్తకం ఉన్నవాడు కూలివాడి కోసం కోర్టు మెట్లెక్కడు. 2023లో కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీకి బెయిలు కోసం 40,000 రూపాయల దాకా, శిక్షపడినవారికి జరిమానా కట్టడానికి 25,000 దాకా ఇస్తామని అప్పట్లో నియమం పెట్టారు. కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి, ఒక జడ్జి ఉండే జిల్లా కమిటీ దాన్ని తేలుస్తుంది. మంచి పథకం. కానీ లోపలున్న మనిషి తరఫున ఆ కాగితాన్ని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మోసుకెళ్లేవాడొకడు కావాలి కదా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే విడుదల చేయాలి. యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. దరఖాస్తు పెట్టే బాధ్యత జైలు అధికారి మీద పెట్టారు. ఇల్లెక్కడో తెలుసుకుని, ఎవరు తీసుకెళ్తారో కనుక్కుని, బయట ఏర్పాటు చేసే బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు.

ఇక శిక్ష అనుభవించి వచ్చినవారి సంగతి. మా దగ్గరి పల్లెకు చెందిన ఒకాయన, పాత కక్షల హత్య కేసులో యావజ్జీవం పడి, రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ఏళ్లకేళ్లు గడిపి, సత్ప్రవర్తన మీద విడుదలయ్యాడు. లోపల వడ్రంగం బాగా నేర్చుకున్నాడు. జైలు కూలి కింద కూడబెట్టిన డబ్బు కొంత చేతిలో ఉంది. ఊరొచ్చేసరికి రేషన్ కార్డులో పేరు లేదు. ఆధార్ సరిచేయించుకోవాలంటే ఫోను నంబరు ఉండాలన్నారు, ఫోను లేదు. భార్య పుట్టింటి దగ్గరే స్థిరపడిపోయింది. చంకలో ఎత్తుకుని వదిలి వెళ్లిన కొడుకు గడ్డం పెంచుకుని ఎదురుగా నిలబడి పలకరించలేదు. వడ్రంగి పనికి వెళ్దామంటే ఊళ్లో తలుపులు, మంచాలు టౌనులో తయారైనవే కొంటున్నారు.

ఆయన ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చాడు. కేసు గురించి అనుకున్నాను. కూర్చుని చాలాసేపటికి అడిగాడు: “సారూ, నేను బజారు మీదుగా నడవచ్చా? చెరువు కట్ట మీదుగా చుట్టుతిరిగి పోవాల్నా?” బజారులో చనిపోయినాయన ఇల్లుంది. ఆయన భార్య అరుగు మీదే కూర్చుని ఉంటుంది. ఈయన ఎదురుపడితే ఆమెకు ఏమవుతుంది, ఆమె కొడుకులకు ఏమనిపిస్తుంది, తనకేమవుతుంది, అదీ భయం. ఆ ప్రశ్నకు నేను చదివిన చట్టాల్లో ఎక్కడా జవాబు లేదు. జడ్జిగారు చెప్పలేరు, ఎస్సై చెప్పకూడదు, నేను చెప్పడానికి నాకేం అర్హత ఉంది? ఎవరో ఒకరు ముందుగా ఆ అరుగు దగ్గరికెళ్లి, ఆమె ముందు కూర్చుని, “అమ్మా, అతను వచ్చాడు. మీరేమనుకుంటున్నారు?” అని అడిగి ఉండాలి. ఆమె ఏడిస్తే ఆగి, తిడితే విని, ఇంకోసారి వెళ్లి ఉండాలి. ఆ పని పెద్దమనుషుల పంచాయితీలో తేలదు, ఎందుకంటే మా ఊళ్లలో పెద్దమనుషులకు కూడా ఒక పార్టీ ఉంటుంది. దానికి రెండు ఇళ్లలో ఎవరి మనిషీ కాని మనిషి కావాలి. శిక్షణ ఉన్న మనిషి కావాలి. ఈ ఉత్తరంలో నేను అడుగుతున్న ఉద్యోగం నడిమధ్యన ఉండేది ఈ పనే. మిగతా కాగితాల పనంతా దాని చుట్టూ ఉండేదే.

పల్నాటి గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2024 మే 13 పోలింగ్ తర్వాత ఈ జిల్లాలో ఎంత హింస జరిగిందో, ఎన్నాళ్లు 144వ సెక్షన్ కింద ఉన్నామో రాష్ట్రమంతా చూసింది. ఏ పార్టీ గెలిచినా ఓడినా కేసుల్లో పేర్లెక్కేది ఇరవై, ముప్పై ఏళ్ల కుర్రాళ్లవి. బెయిలు దాకా ఎవరో ఒకరు లాయరును పెడతారు. కేసు నడిచే ఏళ్లలో ఆ కుర్రాడు కోర్టుకు ఒంటరిగానే వస్తాడు. శిక్ష పడ్డాక ములాఖత్‌కు తల్లి తప్ప ఎవరూ వెళ్లరు. కానీ బయటికొచ్చిన రోజు మాత్రం, ఊళ్లో ఎవరూ తలుపు తీయకపోయినా, ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఎవరో ఒక నాయకుడికి వెనక తిరిగే మనుషులు కావాలి. జైలు చూసొచ్చినవాడికి భయం తగ్గి ఉంటుందని అక్కడ లెక్క. తిండి పెడతారు, బండికి పెట్రోలు కొట్టిస్తారు. మంత్రిగారూ, విడుదలైన ఖైదీకి మా ప్రాంతంలో ఇవాళ అందుబాటులో ఉన్న పునరావాసం అదొక్కటే. ప్రభుత్వం ఆ చోటును ఖాళీగా వదిలేసినంత కాలం వాళ్లు దాన్ని నింపుతూనే ఉంటారు. శాంతిభద్రతల కోసం మీరు పెట్టే ఖర్చులో ఇది అతి చిన్న భాగంతో అయ్యే పని.

రౌడీషీటు ఉన్నవారిని ఆదివారం స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ ఇస్తున్నామని పోలీసులంటారు. వరసగా నిలబెట్టి హెచ్చరించి పంపడం నిఘాకు పనికొస్తుందేమో, కానీ పని దొరకడానికి పనికిరాదు. ఎస్సై ముందు నిలబడిన మనిషి తన ఇంట్లో బియ్యం లేవని చెప్పడు. కూతురి పెళ్లి సంబంధం తన వల్ల తప్పిపోయిందని చెప్పడు. అందుకే ఈ ఉద్యోగిని పోలీసు వ్యవస్థ కింద పెట్టవద్దని కోరుతున్నాను. జైళ్ల శాఖ కిందో, న్యాయసేవాధికార సంస్థతో ముడిపెట్టో ఉంచండి. విడుదలైన మనిషి చెప్పుకున్న మాట స్టేషన్‌కు చేరుతుందని ఒక్కసారి ఊళ్లో పాకితే చాలు, ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు.

పని లేదనే మాట మా నేలకు వర్తించదు. సంక్రాంతి దాటితే మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలు లారీల్లో దిగుతాయి. కోసిన కాయ కళ్లాల్లో ఆరబెట్టాలి, తాలు ఏరాలి, టిక్కీలు కుట్టాలి, గుంటూరు యార్డుకు ఎత్తాలి. కోల్డ్ స్టోరేజీల్లో మూటలు మోసేవాళ్లు చాలరు. పత్తి తీతకు ఆడవాళ్లు దొరకక రైతులు పక్క మండలాలకు ఆటోలు పంపుతారు. ముగ్గురాయి గనులు, సున్నపు బట్టీలు, మిల్లులు ఏడాది పొడవునా నడుస్తాయి. కోతల మేస్త్రీ నీ గతమేమిటని అడగడు. సీజను అయిపోయాకే చిక్కు. ఏప్రిల్ దాటి నిలకడైన పని కావాలంటే మిల్లు యజమాని ఆధార్ అడుగుతాడు, ఎవరి మనిషివని అడుగుతాడు, రాత్రి కాపలాకు పెట్టాలంటే పోలీసుల నుంచి మంచి నడవడిక పత్రం తెమ్మంటాడు. ఆయనను తప్పుపట్టను. అతని గురించి పూచీ చెప్పేవాళ్లు, ఏదైనా గొడవైతే ఫోను ఎత్తేవాళ్లు ఒకరుంటే పెట్టుకుంటాననే యజమానులు ఉన్నారు. నాతో ఆ మాట అన్నవాళ్లున్నారు.

జైల్లో నేర్పే పనికి, బయట ఊళ్లో ఉన్న పనికి మధ్య దూరం కూడా తగ్గాలి. రాజమహేంద్రవరంలో వడ్రంగం, నేత, బేకరీ పనులు నేర్పుతారు. అవన్నీ మంచివే. కానీ పల్నాడు నుంచి వెళ్లిన ఖైదీకి విడుదలకు ఏడాది ముందు డ్రిప్పు పైపుల బిగింపు, మోటారు వైండింగు, ఫోర్క్‌లిఫ్టు నడపడం, మిల్లు యంత్రాల మరమ్మతు నేర్పితే ఇంటికొచ్చిన వారంలో చేతికి పని దొరుకుతుంది. ఎవరు ఏ ఊరికి వెళ్తారో, అక్కడ ఏ పనికి మనుషులు కావాలో జైలుకు చెప్పే కన్ను బయట లేదు. తెలంగాణలో చంచల్‌గూడ దగ్గర జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలకు, విడుదలైనవారికి పని ఇచ్చారు. మన రాష్ట్రంలోనూ జైళ్ల శాఖకు బంకులున్నాయి. అవి జైలు గోడ పక్కన ఉన్నవారికే ఉపయోగపడతాయి. పిడుగురాళ్లలో దిగినవాడికి పిడుగురాళ్లలోనే దారి కావాలి.

ఈ విషయంలో మన ఉమ్మడి గుంటూరు జిల్లాకు ఉన్నంత అనుభవం దేశంలో ఎక్కువ చోట్ల లేదు. చేదూ ఉంది, మంచీ ఉంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913-14 ప్రాంతంలో పుట్టింది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. దాన్ని సంస్కరణ అన్నారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. అక్కడి మనుషులు చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. పుట్టుకనే నేరం చేసిన ఆ చట్టం 1952లో పూర్తిగా రద్దయింది, కానీ ఊరి పేరుకు అంటిన మచ్చ సినిమాల్లో ఇప్పటికీ తిరుగుతోంది. పనిలో పెట్టడమొక్కటే సంస్కరణ కాదని, మనిషికి కదిలే స్వేచ్ఛ, తన బతుకు గురించి తాను తేల్చుకునే హక్కు ఉండాలని స్టూవర్టుపురం నేర్పుతోంది.

ఆ ఊళ్లోకే 1970లలో మా పల్నాటి ఆడపడుచు ఒకామె వెళ్లారు. వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతా లవణం. భర్త లవణం నాస్తికవాది గోరా గారి కుమారుడు. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ప్రభుత్వం ఈ దంపతుల పనికి అండగా నిలిచింది. హేమలత గారు స్టూవర్టుపురం ఇళ్లలో కూర్చుని, ఆడవాళ్లతో మాట్లాడి, పిల్లల చదువు చూసి, దొంగతనం కేసులున్న మగవాళ్లను మనుషులుగా పలకరించారు. పోలీసు లాఠీ పట్టుకునీ కాదు, పుణ్యం కోసమూ కాదు, పక్కన కూర్చుని. నేను అడుగుతున్న ఉద్యోగానికి మన భాషలో ఉన్న మొదటి పాఠం ఆమె జీవితమే. 2008లో ఆమె పోయారు, 2015లో లవణం గారు పోయారు. వ్యక్తుల మీద ఆధారపడిన పని వ్యక్తులతో పాటే సన్నబడుతుంది. అందుకే దీన్ని ఉద్యోగంగా మార్చమంటున్నాను. ఇతర దేశాల్లో కూడా ఇది ఇలాగే మొదలైంది. 1841లో బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే బూట్ల తయారీదారు ఒక తాగుబోతుకు తాను జామీను ఉంటానని కోర్టులో లేచి నిలబడ్డాడు. ఆయన చనిపోయేదాకా ఎందరికో అలా నిలబడ్డాడు. 1878 వచ్చేసరికి మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టేలా చట్టం చేసింది.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఇలాంటి కొత్త పని తలపెడితే మన ప్రభుత్వాలు ముందు ఒక కన్సల్టెన్సీని పిలుస్తాయి. అమెరికాలో, ఇంగ్లండులో, కెనడాలో విడుదలైన ఖైదీల కార్యక్రమాలకు సలహాదారులుగా ఉండడం గౌరవమైన వృత్తి. సిబ్బందికి శిక్షణ ఇస్తారు, ఎవరికి ఎంత తోడు అవసరమో తేల్చే ప్రశ్నావళులు తయారుచేస్తారు, కార్యక్రమం ఫలించిందో లేదో కొలుస్తారు. ఈ నైపుణ్యం మనకూ కావాలి. మన తెలుగు పిల్లలు ఆ స్థాయికి ఎదగాలని నా ఆశ. కానీ వరస తప్పి, ఊళ్లో మనిషి కంటే ముందు కంపెనీ వస్తే ఏమవుతుందో ఇంగ్లండు చూపించింది. 2014లో అక్కడ ప్రొబేషన్ వ్యవస్థను రెండుగా చీల్చి, తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవారి బాధ్యతను ఆ తర్వాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన 21 కంపెనీలకు అప్పగించారు. ఆరు వారాలకోసారి ఫోను చేసి సరిపెట్టడం జరుగుతోందని 2017లో తనిఖీ సంస్థ బయటపెట్టింది. 2019లో ప్రొబేషన్ ప్రధాన తనిఖీ అధికారి ఆ పద్ధతిని మరమ్మతుకు వీలులేనిదని తేల్చారు. 2021 జూన్‌లో ఆ పనంతా మళ్లీ ప్రభుత్వ సేవలోకి తెచ్చుకున్నారు. అదే దేశంలో పీటర్‌బరో జైలు దగ్గర 2010లో మొదలైన ప్రయోగంలో మాత్రం, స్వల్ప శిక్షలు ముగించుకున్న మగవాళ్లను గేటు దగ్గరే కలిసి వెంట నడిచారు. మళ్లీ శిక్షపడే నేరాలు 9 శాతం తగ్గాయని 2017లో లెక్క తేలింది. అక్కడా ప్రైవేటు చేయి ఉంది. తేడా మనిషి వెంట మనిషి నడవడంలో ఉంది.

ప్రశ్నావళుల గురించి ఇంకో హెచ్చరిక. బయటి దేశాల నుంచి తెచ్చే పట్టికల్లో ఇంట్లో ఇంకెవరైనా అరెస్టయ్యారా, చుట్టుపక్కల ఎలాంటివాళ్లుంటారు లాంటి ప్రశ్నలుంటాయి. మన దగ్గర ఎరుకల కాలనీలో పుట్టిన కుర్రాడికి ఆ పట్టిక ఎన్ని మార్కులు వేస్తుందో ఊహించండి. వందేళ్ల కిందటి ముద్రే కంప్యూటర్లోంచి మళ్లీ వస్తుంది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే రాతలను తప్పుపట్టింది. మన కొలత పట్టికలను మన ఊళ్లు తెలిసినవాళ్లే రాయాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఆ తెలిసినవాళ్లు ఉన్నారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పీజీ చేసిన పిల్లలు మా మండలాల్లో ఉన్నారు. ఒకరు ఆసుపత్రిలో బిల్లులు రాస్తున్నారు, ఇంకొకరు ఫైనాన్స్ కంపెనీకి వాయిదాలు వసూలు చేస్తున్నారు. లా చదివి కోర్టులో నిలదొక్కుకోలేని పిల్లలున్నారు. న్యాయసేవాధికార సంస్థల పారాలీగల్ వలంటీర్లు రోజువారీ గౌరవ వేతనం మీద ఇప్పటికే ఇలాంటి పనే కొంత చేస్తున్నారు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) పథకం ప్రకారం దీర్ఘకాల శిక్షలో ఉన్న చదువుకున్న ఖైదీలు కూడా వలంటీర్లు కావచ్చు. అలా లోపల పనిచేసినవారు విడుదలయ్యాక బయట అదే పనిలో కొనసాగడానికి దారి పెట్టండి. జైలు గదిలో మొదటి రాత్రి ఎలా ఉంటుందో తెలిసినవాడి మాట వేరుగా వినపడుతుంది. శిక్షణకు ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఉంది. 1990 నుంచి అక్కడి ప్రయాస్ ప్రాజెక్టు వాళ్లు జైళ్లలో, కోర్టుల్లో, స్టేషన్లలో సోషల్ వర్కర్లను కూర్చోబెట్టి పనిచేస్తున్నారు. వాళ్లను పిలిచి మా పిల్లలకు నేర్పించండి. సలహాదారుకు ఇచ్చే ఫీజు ఇక్కడ ఖర్చయితే సద్వినియోగమవుతుంది. ఐదారేళ్లు ఊళ్లు తిరిగాక ఈ పిల్లల్లోంచే రాయలసీమకో ఒడిశాకో వెళ్లి నేర్పే సలహాదారులు తయారవుతారు.

వీళ్లకు పని చాలదనే సందేహం వద్దు. కొత్త భారతీయ న్యాయ సంహితలో సామాజిక సేవను శిక్షగా చేర్చారు. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగి ఇచ్చేసినవాడు, తాగి బజారులో అల్లరి చేసినవాడు జైలుకు బదులు జనానికి పనికొచ్చే పని చేయవచ్చు. ఆ పని ఎక్కడ చేయించాలి, ఎవరు చూసుకోవాలి, అవమానం కాకుండా ఎలా జరపాలి అనేది చట్టం చెప్పలేదు. చూసుకునే మనిషిని పెట్టకపోతే ఆ సెక్షన్‌కు కూడా 1958 చట్టానికి పట్టిన గతే పడుతుంది. గంజాయి రవాణాలో దొరికిన కూలిపిల్లలతో విశాఖ కేంద్ర కారాగారం నిండిపోయిన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మాదకద్రవ్యాల చట్టం వాళ్లలో పద్దెనిమిది దాటినవారికి ప్రొబేషన్ దాదాపు మూసేసింది. కాబట్టి వాళ్లు శిక్షంతా గడిపే బయటికొస్తారు, అప్పటికి పాతికేళ్లు కూడా నిండవు కొందరికి. ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 2020 నవంబరులో మన ప్రభుత్వం యాభై మందికి పైగా మహిళా జీవిత ఖైదీలను విడుదల చేసింది. మగవాడు తిరిగొస్తే తల్లో భార్యో అన్నం పెడుతుంది. ఆమె తిరిగొస్తే పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఆలోచిస్తాయి. ఆమె వచ్చే ముందే ఆ రెండిళ్లకూ ఎవరో ఒకరు వెళ్లి రావాలి.

నేను అడిగేవాటిని పల్నాడు జిల్లాతో మొదలుపెట్టండి. పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల, వినుకొండ, సత్తెనపల్లి, నరసరావుపేటల్లో ఒక్కొక్కరు చాలు ముందు. ఏ జైల్లో ఉన్నా సరే, పల్నాడు చిరునామా ఉన్న ఖైదీ విడుదల తేదీని మూడు నెలల ముందు వాళ్లకు తెలపమని జైళ్ల శాఖకు ఉత్తర్వు ఇవ్వండి. ఆధార్, రేషన్, బ్యాంకు ఖాతా, ఉపాధి హామీ జాబ్‌కార్డు విడుదలకు ముందే సరిచేయాలి. బాధిత కుటుంబాన్ని కలవడం ఆ ఉద్యోగి విధుల్లో మొదటి పేజీలో రాయండి. రెండేళ్ల తర్వాత ఎందరు పనిలో నిలబడ్డారు, ఎందరు మళ్లీ కేసుల్లో చిక్కుకున్నారు అనే లెక్క బయటి సంస్థతో తీయించి, మంచైనా చెడైనా అచ్చు వేయండి.

జనవరి 26కు సత్ప్రవర్తన మీద ఎవరినైనా విడుదల చేసే ఆలోచన ఉంటే, ఆ సమయానికి మా దగ్గర మిరప కోతలు మొదలై ఉంటాయి. ఆ జాబితాలో పల్నాటివాళ్లు ఎవరెవరున్నారో డిసెంబరు మొదటి వారంలో మాకు తెలిస్తే కోతల మేస్త్రీలతో, కోల్డ్ స్టోరేజీ యజమానులతో మాట్లాడి ఉంచుతాం. నియామకాలు జరిగేదాకా ఒక ఏడాది పాటు వచ్చినవారి కాగితాల పని ఫీజు లేకుండా చేయడానికి నేను సిద్ధం. నాతో పాటు కోర్టులో ఇంకొందరు జూనియర్లు పేర్లు ఇచ్చారు. సాయంత్రం కోర్టు అయ్యాక ఆరు నుంచి ఎనిమిది దాకా పిడుగురాళ్లలోని నా ఆఫీసు గది ఈ పనికి వదిలిపెడతాను. జాబితా పంపించండి.

ఇట్లు,
పిడుగురాళ్ల నుంచి ఒక న్యాయవాది